సిరా – కలము – చేయి: అందమైన వ్రాతను అభ్యసించువారికి

ఈ విద్యాసంవత్సరమున మా కళాశాలలో ఉర్దూ, తెలుగు విద్యార్థులకు కలిపి చేతివ్రాత తరగతి నడపితిమి. రెండవ వారమున ఒక విద్యార్థిని తన అభ్యాసపత్రమును మా బల్లపై పెట్టి, “సార్, నాకు ఖత్ రాదు. నా చెయ్యే మంచిది కాదు. నా పేరు తీసెయ్యండి” అనెను. పత్రమును చూచితిమి. పది వరుసల అలిఫ్‌లు, బేలు ఉన్నవి. ప్రతి అలిఫ్ పాదము నుండి చెట్టు వేళ్ళవలె నీలి పోగులు పాకియున్నవి. వావ్‌ల కండ్లు పూడిపోయినవి. బే క్రింది చుక్క పొంగి పైగీతతో కలిసిపోయినది. మేము ఆమె కలమునే తీసుకొని, ఆమె సిరాలోనే ముంచి, అదే కాగితముపై ఒక వరుస వ్రాసితిమి. మా వరుసయు అట్లే చెదరినది. పిమ్మట తరగతి గదిలోని సిరాబుడ్డిని ఆమె ముందుంచి వ్రాయుమంటిమి. ఈసారి అక్షరపు అంచులు కత్తితో కోసినట్లు వచ్చినవి. కలము అదే, కాగితము అదే, చేయి అదే. మారినది సిరా ఒక్కటే.

ఆ బాలిక తెచ్చిన సిరా చెడ్డదని మేము చెప్పుట లేదు. అది ఫౌంటెన్ పెన్నుకై చేయబడిన సిరా. ఆ పనికి తగినదే. ముంచి వ్రాయు కలమునకు మాత్రము తగదు. మన విద్యార్థులు కలము కొనునపుడు పదిమందిని అడుగుదురు, కాగితమును వ్రేలితో రుద్ది చూతురు. సిరా విషయమున మాత్రము దుకాణదారు చేతికి ఏ సీసా అందిన దానినే తెచ్చుకొందురు. తరువాత పుట్టిన దోషమునంతయు తమ చేతికి అంటగట్టుకొని కూర్చుందురు. ఇట్లు అభ్యాసము మానినవారిని ఈ ఒక్క ఏడు కాదు, అంతకు ముందును చూచితిమి. కావున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఖుష్‌నవీసీలో సిరాకు ఇంత పట్టింపు ఏల యని ఒకరు అడిగిరి. దీనికి సమాధానము వెయ్యేండ్ల నాటిది. బాగ్దాదులో క్రీ.శ. 940లో మరణించిన ఇబ్నె ముఖ్లా అక్షరములకు ఒక కొలత ఏర్పరచెను. కలపు మొనను కాగితముపై ఒకసారి ఆనించి లాగినపుడు ఏర్పడు నలుపలకల చుక్కయే ఆ కొలబద్ద. దానినే మనము నుఖ్తా అందుము. అలిఫ్ ఇన్ని నుఖ్తాల పొడవు, బే ఇన్ని నుఖ్తాల వెడల్పు అని లెక్క. పిదప వచ్చిన నస్తాలీఖ్ లిపికి గూడ ఈ నుఖ్తాయే ఆధారము. ఇప్పుడు ఆలోచింపుడు. సిరా కాగితములో పాకి నుఖ్తా ఉబ్బినచో కొలబద్దయే పెరిగిపోయినట్లు కదా! తప్పుడు గజముతో బట్ట కొలిచినవానికి లెక్క ఎట్లు కుదురును? తెలుగు లిపిలో ఇట్టి కొలత లేకున్నను బాధ తక్కువది కాదు. మన లిపి అంతయు గుండ్రనిది. సిరా పొంగినచో ‘ఋ’, ‘ఞ’, ‘ఱ’ వంటి అక్షరముల కడుపులు నిండి, ఏది ఏదో తెలియకుండ పోవును.

సిరాలలో ముఖ్యముగా మూడు జాతులున్నవి. మసితో చేసినది, ఇనుముతో చేసినది, రంగునీటితో చేసినది. మసి సిరా అన్నిటికన్న ప్రాచీనము. దీపపు మసిని తుమ్మబంక నీటిలో నూరినచో అదియే సిరా. మసి యనగా బొగ్గే. వెలుతురుకు గాని గాలికి గాని అది మారదు. కావుననే ఎన్నో శతాబ్దముల నాటి వ్రాతప్రతులలో గూడ ఆ నలుపు నిన్నటిదివలె నుండును. మన తెలుగువారును ఈ మసిని ఎరిగినవారే. కాని వారు దానితో వ్రాయలేదు, వ్రాసిన పిదప పూసిరి. తాటియాకుపై గంటముతో గీచినపుడు అక్షరము కంటికి కనబడదు. పసరుతోనో నూనెతోనో కలిపిన మసిని ఆకుపై రుద్ది తుడిచివేయగా గీతలలో నలుపు నిలిచి అక్షరము తేటపడును. అనగా తాటాకు లేఖకునకు సిరా చెదరునను చింతయే లేదు. ఆ చింత కాగితముతో వచ్చినది.

ఇనుపసిరా కథ మరింత ఆసక్తికరము. మాచికాయలో గాని కరక్కాయలో గాని టానిన్ అను వగరు పదార్థము కలదు. ఆ కషాయములో అన్నభేదిని, అనగా ఫెర్రస్ సల్ఫేటును కలిపినచో మొదట పలుచని బూడిదవన్నె నీరు ఏర్పడును. దానితో వ్రాసినపుడు అక్షరము వెలవెలబోవుచుండును. గాలిలోని ప్రాణవాయువు తగిలినకొలది అది నల్లబడి, కాగితపు పీచులోనికి దిగి పాతుకొనును. నీటితో కడిగినను పోదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ సిరాకే కొంచెము నీలిరంగు చేర్చి, వ్రాయునపుడు నీలముగాను ఆరిన పిదప నల్లగాను కనబడునట్లు చేసిరి. బ్లూ-బ్లాక్ అను పేరు అట్లు వచ్చినది. నేడు ఆ పేరుతో దొరకు సీసాలన్నిటిలోను ఇనుము ఉండదని గుర్తుంచుకొనవలెను.

ఈ రసాయనము మన తెలుగుదేశమునకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరవేయుదురు. మరొక కుండలో ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి దినములతరబడి పులియబెట్టుదురు. ఆ ద్రవమును కసిమి అందురు. కసిమిలో ముంచిన వెదురు కలమును బట్టపై నడపినంతనే గీత నల్లబడును. కరక్కాయ వగరు, ఇనుము కలియుటయే అందులోని మర్మము. హైదరాబాదు లేఖకుని దవాత్‌లోను, శ్రీకాళహస్తి చిత్రకారుని కుండలోను ఒకే నలుపు పుట్టుచున్నది. ‘కలంకారీ’ అను పేరులోని కలము గూడ మన కలమే. అంతేకాదు, ఆ పాలలోని క్రొవ్వు రంగును చెదరనీయదు. ఈ పాల సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. కాగితమును గూర్చి చెప్పునపుడు మరల అవసరపడును.

ఇనుపసిరాలో ఒక దుర్గుణము గలదు. అన్నభేది, టానిన్ కలియునపుడు గంధకామ్లము పుట్టును. అన్నభేది ఎక్కువైనచో ఆ ఆమ్లము ఏండ్లు గడచినకొలది కాగితమును తినివేయును. 1948కి పూర్వపు ఉర్దూ దస్తావేజులు మన ప్రాంతమున అనేక కుటుంబములలో నేటికిని ట్రంకుపెట్టెల అడుగున ఉన్నవి. వానిని తెరచి చూచినవారికి ఈ సంగతి తెలియును. కొన్ని పత్రములలో అక్షరము గోధుమవన్నెకు తిరిగి, గీత లావుగా నున్న చోట కాగితము చిల్లిపడియుండును. మరికొన్నిటిలో అక్షరము కాటుకవలె నల్లగా నుండును. మొదటివి ఇనుపసిరావి, రెండవవి మసిసిరావి యని ఊహింపవచ్చును. చిల్లిపడిన దానిని మడతపెట్టి జేబులో పెట్టుకొని తిరుగవలదని, ప్లాస్టిక్ పూత వేయింపవలదని మా విద్యార్థులకు చెప్పుచుందుము. ఒక కుటుంబపు హద్దులు, పేర్లు అన్నియు ఆ అక్షరములలోనే యున్నవి.

పూర్వపు లేఖకులకు ఈ రెండింటి గుణదోషములు తెలియును. కావుననే వారు రెండింటిని కలిపిరి. పారసీక లేఖకులలో ప్రసిద్ధమైన పాళ్ళు ఇవి: మసి 1 పాలు, అన్నభేది 1 పాలు, మాచికాయ 2 పాళ్ళు, బంక 4 పాళ్ళు. మసి నలుపునిచ్చును, ఇనుము కాగితమును పట్టుకొనును, బంక రెండింటిని కట్టియుంచును. పదునొకండవ శతాబ్దమున నేటి ట్యునీషియా ప్రాంతమును పాలించిన అల్ ముయిజ్ ఇబ్నె బాదీస్ పేర చెల్లుచున్న అరబ్బీ గ్రంథములో సిరాల తయారీకే ప్రత్యేకముగా చోటు కలదు. ఒక రాజు పేర సిరా గ్రంథము నిలిచినదన్నచో ఆనాడు దీనికెంత గౌరవముండెనో గ్రహింపవచ్చును.

మూడవ జాతి రంగుసిరా. 1856లో పెర్కిన్ కృత్రిమరంగును కనుగొనిన తరువాత ఇట్టి రంగుల పరిశ్రమ పెరిగినది. సీసాలలో దొరకు నీలి, ఎర్ర సిరాలు అధికముగా ఈ తరగతివే. ఇవి పలుచగా పారును. ఫౌంటెన్ పెన్ను సన్నని గొట్టము పూడిపోకుండుటకు అట్లే ఉండవలెను. అదే గుణము ముంచుడు కలమునకు శత్రువు. పాళీపై బొట్టు నిలువదు, కాగితము తాకగానే జారును. ఎండకు వెలియును, నీటికి కరుగును. ఒకసారి మేము కళాశాల గోడపత్రికను మంచి నీలి సిరాతో ఎంతో ముచ్చటపడి వ్రాసి వరండాలో అంటించితిమి. ఆ రాత్రి జల్లు కొట్టినది. తెల్లవారి చూతుము గదా, సంపాదకీయమంతయు నీలి ధారలుగా మారి గోడవెంట దిగియున్నది. విద్యార్థులు నవ్విరి. వారితోపాటు మేమును నవ్వితిమి గాని, తప్పు మాదే.

ఆ అవమానము తరువాత మేము రెండవ తప్పు చేసితిమి. నీటికి చెదరని డ్రాయింగు సిరా తెచ్చి, ఎంతో శ్రమించి చెక్కుకొనిన బరూ కలమును అందులో ముంచితిమి. ఇట్టి సిరాలో మసియే యుండును. కాని బంకకు మారుగా లక్క వంటి పదార్థము కలిపియుందురు. ఆరినచో అది వార్నీషు. అరగంట వ్రాసి, నమాజుకు వెళ్ళి వచ్చి చూడగా కలపు చీలిక మూసుకొనిపోయినది. నీటికి లొంగలేదు. మొనను మరల చెక్కక తప్పలేదు. ఉక్కు పాళీనైనచో స్పిరిటుతో తుడిచి కాపాడవచ్చును. రెల్లు కలమునకు ఆ భాగ్యము లేదు. ఫౌంటెన్ పెన్నులో ఈ సిరాను పోయుట యన్నచో ఆ పెన్నును చేజేతుల చంపుటయే. అయితే శాశ్వతముగా గోడకు వ్రేలాడదీయు పలకములకు, పటములకు ఈ సిరా తగినదే.

ఇక్కడ హైదరాబాదు కాతిబుల సంగతి చెప్పక తప్పదు. రాతి అచ్చు కాలమున వారు వాడిన సిరా ఈ మూడింటిలో ఏదియు కాదు. 1796 ప్రాంతమున జర్మనీలో సెనెఫెల్డర్ కనుగొనిన శిలాముద్రణ పద్ధతికి జిడ్డు కావలెను, ఏలయనగా నీటికి, నూనెకు పొసగని గుణముపైననే ఆ ముద్రణ ఆధారపడియున్నది. కావున మైనము, సబ్బు, కొవ్వు, మసి కలిపిన జిడ్డుసిరాతో గంజిపూత గల పసుపు కాగితముపై వ్రాసి, దానిని రాతిపై బోర్లించి ఒత్తెడివారు. అక్షరము రాతికి ఎక్కెడిది. తరువాత ఆఫ్‌సెట్ అచ్చు వచ్చినది. ఫొటో తీయుటకు జిడ్డు అక్కరలేదు, చిక్కని నలుపు కావలెను. లేత నీలిరంగు ఆ ఫిల్ముపై కనబడదు. కావున కాతిబులు నీలి పెన్సిలుతో గీతలు గీచికొని నల్లసిరాతో వాటిపై వ్రాసెడివారు. గీతలను చెరుపు శ్రమ తప్పెడిది. 1949లో ఆరంభమైన ‘సియాసత్’ వంటి దినపత్రికలు ఏండ్లతరబడి ఇట్లు కాతిబుల చేతిమీదుగానే వెలువడినవి. 1994లో ఇన్‌పేజ్ అను కంప్యూటరు సాధనము వచ్చిన పిదప ఆ బల్లలు ఖాళీ అయినవి. చెన్నపట్టణమున 1927లో స్థాపింపబడిన ‘ముసల్మాన్’ పత్రిక మాత్రము కంప్యూటర్లు వచ్చిన తరువాత గూడ చేతివ్రాతను విడువక పేరుపొందినది. రాయి మారగా సిరా మారినది, కెమెరా రాగా మరల మారినది. ఏ సిరా మేలని గాక, ఏ పనికి ఏ సిరా యని అడుగుట ఆ కాతిబుల పద్ధతి.

అట్లైనచో అభ్యాసమునకు ఏది? మా అభిప్రాయము నిస్సంశయముగా మసి, బంకల సిరాయే. ఇనుము వలదు, లక్క వలదు. అభ్యాసపత్రము నూరేండ్లు నిలువనక్కరలేదు. పాళీ తుప్పు పట్టకూడదు, కలము పూడకూడదు, చేతికంటినది కడిగినచో పోవలెను. పూర్వము మక్తబులలో పిల్లలు కొయ్య తఖ్తీపై వ్రాసి, కడిగి, మట్టిపూసి మరల వ్రాసినది ఇట్టి సిరాతోనే. మరియొక కారణము మాకు ముఖ్యమైనది. ఈ సిరాకు కొంచెము నీరు చేర్చి పలుచన చేసినచో గీతపై గీత పడిన చోట నలుపు రెట్టింపై కనబడును. విద్యార్థి ఒక్క లాగుడులో వ్రాసెనా, భయపడి రెండవసారి దిద్దెనా అన్నది గురువునకు వెంటనే తెలియును. చిక్కని నల్లసిరా దిద్దుబాట్లనన్నిటిని కప్పిపుచ్చును. పరీక్షకు అది మంచిదేమో గాని, నేర్చుకొనువానికి కాదు. మొదటి మూడు నెలలు పలుచని సిరాతోనే వ్రాయించుట మా పద్ధతి. ఇందుకు విద్యార్థులు గొణుగుదురు; “సార్, చాయ్ లెక్క ఉన్నది” అందురు. అననిండు.

తయారుచేయు విధము కష్టమైనది కాదు. మన ఇండ్లలో కాటుక పట్టు విధమే. ఆముదపు దీపముపై రాగి పళ్ళెమునో మట్టిమూకుడునో బోర్లించి, పట్టిన మసిని ఈకతో గీచి తీయవలెను. కర్పూరపు మసి మరింత మెత్తన. ఈ మసిలో జిడ్డు ఉండుటచే నీటిపై తేలిపోవును. పూర్వులు మసిని కాగితములో పొట్లము కట్టి, పిండిముద్దలో పెట్టి కాల్చి జిడ్డును పోగొట్టెడివారు. అంత ఓపిక లేనివారు మసిపై నాలుగు చుక్కలు స్పిరిటు వేసి నూరినచో లొంగును. అప్పుడు దీపమును దూరముగా నుంచుట మరువరాదు. తుమ్మబంకను శుభ్రముచేసి, ఒక వంతు బంకకు మూడు వంతుల నీరు పోసి రాత్రి నానబెట్టి, ఉదయము పలుచని గుడ్డలో వడకట్టవలెను. బంకనీటిని కొద్దికొద్దిగా చేర్చుచు మసిని కల్వములో నూరవలెను. ఈ నూరుటలోనే సిరా ప్రాణమున్నది. పావుగంట నూరినది ఇసుకవలె గరగరలాడును. రెండు గంటలు నూరినది పట్టువలె జారును. చివర నీటితో పలుచన చేసి, చెడిపోకుండ రెండు లవంగములు వేయుదురు.

కొలతలకన్న పరీక్ష ముఖ్యము. వ్రాసి, బాగుగా ఆరనిచ్చి, వ్రేలితో రుద్దుడు. వ్రేలికి మసి అంటినచో బంక చాలలేదు. గీత అద్దమువలె మెరసి, కాగితము వంచినపుడు పగిలినచో, లేదా కలము జిగటగా నడచినచో బంక మితిమీరినది. నీరును మసిని చేర్చవలెను. వానకాలమున బంక ఎక్కువైన అక్షరము తడి గాలికి జిగురెక్కి ఎదుటి పుటకు అంటుకొనును. ఇప్పటికే రంగుసిరా కొనియున్నవారు దానిని పారవేయనక్కరలేదు. ఒక చెంచాడు సిరాను వేరుగా తీసి నాలుగైదు చుక్కల బంకనీరు కలిపినచో చాలవరకు చెదరుట తగ్గును. కలిపిన దానిని తిరిగి ఫౌంటెన్ పెన్నులో మాత్రము పోయకుడు.

దవాత్‌లో సూఫ్ వేయుట అను పాత అలవాటును మన విద్యార్థులు ఎరుగరు. పట్టుపోగుల ఉండను సిరాబుడ్డిలో వేసి సిరాను దానికి త్రాగించుదురు. కలమును ఆ పట్టుకు ఆనించినచో కావలసినంత సిరాయే మొనకెక్కును. మునిగి బొట్లు రాల్చదు. బుడ్డి దొర్లినను సిరా ఒలుకదు. తెలుగు వ్రాయుటకు సన్నని ఉక్కు పాళీ వాడువారికి ఒక హెచ్చరిక. కొత్త పాళీపై తుప్పు పట్టకుండ నూనెపూత ఉండును. ఏ సిరాయు దానిపై నిలువదు, ముత్యములవలె జారిపోవును. సబ్బునీటితో కడిగి తుడిచిన పిమ్మటనే వాడవలెను. సిరా పట్టుట లేదని పాళీలను పారవేసినవారిని మేము చూచితిమి.

కాగితము మాట మిగిలినది. పీచుగా నున్న కాగితము ఎంత మంచి సిరానైనను త్రాగివేయును. మన పొరుగుననున్న కోరుట్ల ఒకప్పుడు చేతి కాగితమునకు పేరుపడినది. పట్వారీల లెక్కపుస్తకములకు ఆ కాగితమును వాడెడివారు. చేతి కాగితముపై వ్రాయుటకు ముందు గంజి పట్టించి, ఆరిన తరువాత నునుపైన రాతితో మెరుగుపెట్టుట పూర్వాచారము. దానిని ఆహార్-మొహరా అందురు. ఇందాక చెప్పిన కలంకారీ పాలు చేయు పనినే ఇక్కడ గంజి చేయుచున్నది. నోటుపుస్తకపు కాగితముపై గూడ పలుచని గంజి పూసి, ఆరిన పిదప గాజుగోళీతోనో గవ్వతోనో రుద్ది చూడుడు, తేడా తెలియును. పాత క్యాలెండర్ల వెనుకభాగము మరియు చౌక. దానికి నునుపు ముందే యున్నది, గంజి అక్కరలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. చేతివ్రాత తరగతికి ఏటేట సిరా సీసాలు కొనుటకు బదులుగా ఒక రాతి కల్వమును, కొంత తుమ్మబంకను, పది దవాత్‌లను ఇప్పించినచో మిగిలినది విద్యార్థులే చేసుకొందురు. బంక, మాచికాయ, అన్నభేది, కరక్కాయ మూలికల దుకాణములలో దొరకును. ఇనుపసిరా తయారీని రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఒక దినము చేసి చూపుటకు ఆ శాఖవారు అంగీకరించినచో సైన్సు విద్యార్థులకును అందులో పాఠమున్నది. తమ ఇంటి దస్తావేజులను తెచ్చి చూపదలచినవారు ఆ దినము తీసుకొని రావచ్చును. ఏ సిరాతో వ్రాసినదో కలసి చూతము.

మొదట చెప్పిన విద్యార్థిని పేరును తీసివేయలేదు. ఇప్పుడు కల్వము నూరు పని ఆమెదే. సిరాబుడ్డులకు మూతలు బిగించి, వారమునకొకసారి కదిలించి, మసి అడుగున పేరుకొనకుండ చూచుకొనవలెనని తరగతి తలుపుపై ఒక చీటీ వ్రాసి అంటించినది. ఆ చీటీ మసిసిరాతో వ్రాసినదే. వాన జల్లు తగులని వైపున అంటించినది.